తెరకున్నన్ని చుక్కలూ మీవే

దరఖాస్తు మొత్తం నింపారు. ప్రింట్ నొక్కారు. తెరుచుకున్న పెట్టె తెరకన్నా పొడుగ్గా ఉంది. నొక్కాల్సిన బటనేమో అడుగున తెర దాటి ఎక్కడికో పోయింది. పైకి లాగుదామంటే రాదు. పైగా అక్షరాలన్నీ లావుగా, మసగ్గా, పక్కకు సాగదీసినట్టున్నాయి. విశాఖలో ఎవరో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ అది. విండోస్ బరువుకు నడవలేకపోతుంటే లినక్స్ మింట్ వేయించారు. నడక బాగుపడింది, చూపు చెడింది. "స్క్రీన్ పోయినట్టుంది, మార్పించెయ్" అని పక్కనున్నవాళ్లు తేల్చేశారు.

ఆగండి. మార్పించాలంటే అరకు నుంచి విశాఖకు ఘాట్ రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు వెళ్లాలి. ఒక రోజు పని పోతుంది, రానుపోను ఛార్జీలు, ఆపైన కొత్త తెర ఖర్చు. అవన్నీ పెట్టే ముందు ఈ అధ్యాయానికి ఒక గంట ఇవ్వండి. తెర నిజంగా పోతే గీతలు పడతాయి, మచ్చలు వస్తాయి, ఓ మూల నల్లబడుతుంది. అలా కాకుండా బొమ్మంతా ఒకేలా మసకబారి, అన్నీ పెద్దపెద్దగా కనిపిస్తున్నాయా? అయితే చాలావరకు తెర బాగానే ఉన్నట్టు. దానికి అందుతున్న సంఖ్యే తప్పు.

"రిజల్యూషన్ ఎలా పెంచాలి?" అని అందరూ అడుగుతారు. ఆ ప్రశ్నలోనే చిక్కుంది. ల్యాప్‌టాప్ తెర మీద ఎన్ని పిక్సెళ్లు, అంటే చుక్కలు, ఉండాలో ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. అడ్డంగా 1366, నిలువునా 768 ఉన్న తెరకు అదే సంఖ్య ఇస్తే ప్రతి చుక్కా తన పని తాను చేసుకుంటుంది. 1024, 768 ఇచ్చారనుకోండి, తక్కువ చుక్కల బొమ్మను ఎక్కువ చుక్కల మీద సాగదీసి పరచాల్సి వస్తుంది. మసక అక్కడ పుడుతుంది. ఉన్నదానికి మించి ఇవ్వబోతే సోలెడు గిన్నెలో మానెడు బియ్యం పోసినట్టే. కాబట్టి మనం పెంచేదంటూ ఏమీ లేదు. తెరకు పుట్టుకతో వచ్చిన సంఖ్యను తిరిగి రాబట్టుకోవడమే మన పని.

తెలుగు చదివేవాళ్లకు ఇది మరీ అవసరం. 'ప'కూ 'ఫ'కూ తేడా ఒక చిన్న గీత. 'ద'కూ 'ధ'కూ అంతే. వత్తులైతే అసలు అక్షరం కన్నా చిన్నవి. అరకు లోయలో ఓ ఆశ్రమ పాఠశాల టీచరు ప్రొజెక్టర్ మీద పాఠం చూపిస్తున్నారనుకుందాం. పాఠం పిల్లల సొంత భాషలోదైనా లిపి తెలుగే. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన బహుభాషా విద్య కింద కువి, కొండ, ఆదివాసీ ఒడియా భాషలకు వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. పెద్దవాళ్లం మసక అక్షరాన్ని ఊహించి చదివేస్తాం. అప్పుడప్పుడే లిపి నేర్చుకుంటున్న రెండో తరగతి పిల్ల ఊహించలేదు. వత్తు కనిపిస్తే చదువుతుంది, లేకపోతే తప్పు చదువుతుంది. దానికి పిల్లను అంటామా?

మొదలుపెట్టే ముందు ఒక మాట. కమాండ్లను ఫోన్లో చెప్పినట్టు పలుకుతూ చెబుతాను. కొండ మీద సాయం ఎక్కువగా అలాగే అందుతుంది కదా! మీరు మాత్రం ఇంగ్లిషులో, నేను వేరే చెబితే తప్ప చిన్న అక్షరాల్లో కొట్టండి.

1. ముందు ఆ బటన్ నొక్కేయండి

ఆల్ట్ కీ నొక్కి పట్టుకొని, పెట్టె మీద ఎక్కడైనా మౌస్‌తో పట్టి పైకి లాగండి. అడుగు భాగం బయటపడుతుంది. ఉబుంటులో అయితే ఆల్ట్ బదులు విండోస్ గుర్తున్న కీ. బ్రౌజర్ పేజీ పట్టకపోతే కంట్రోల్, మైనస్ కలిపి నొక్కండి. గడువు ఉన్న పని ముందు కానివ్వండి, మరమ్మతు తర్వాత.

2. మీ తెర సొంత సంఖ్య కనుక్కోండి

ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది. ఆ మోడల్ వివరాల్లో తెర సంఖ్య దొరుకుతుంది. పదంగుళాల పాత నెట్‌బుక్ అయితే చాలావరకు 1024, 600. పాత 14, 15.6 అంగుళాల వాటిలో ఎక్కువగా 1366, 768. ఈమధ్య వాటిలో 1920, 1080. ఇంకా విండోస్ తీసేయలేదా? దాని డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'రికమెండెడ్' అని పక్కన రాసి ఉన్న సంఖ్యను ముందే కాగితం మీద రాసుకోండి. విండోస్ తుడిచేశాక అది గుర్తుండదు.

"మా వాడి దాంట్లో 1920 వస్తోంది, నాదాంట్లో ఎందుకు రాదు?" అనిపిస్తుంది. ఆ తెర వేరు, మీ తెర వేరు. మీది 1366 తెర, కనిపిస్తున్నదీ 1366 అయితే మీకు రోగమే లేదు. నేరుగా 9వ సూచనకు వెళ్లండి.

3. సెట్టింగ్స్‌లో ఉందేమో చూడండి

సిస్టమ్ సెట్టింగ్స్, అందులో డిస్‌ప్లే, అందులో రిజల్యూషన్. మీ సంఖ్య లిస్టులో ఉంటే ఎంచుకొని అప్లై నొక్కండి. 'ఇలాగే ఉంచమంటారా' అని అడుగుతుంది. ఒకవేళ తెర నల్లబడిపోతే ఏమీ ముట్టుకోకండి. కొద్ది సెకన్లలో దానంతటదే పాత స్థితికి వస్తుంది. చాలామంది ఆ కొద్ది సెకన్లు కూడా ఆగలేక పవర్ బటన్ పట్టేస్తారు.

4. లిస్టులో లేదా? అయితే తెర పేరు చదవండి

అసలు పరీక్ష ఇది. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే టెర్మినల్ వస్తుంది. అందులో ఎక్స్, ఆర్, ఏ, ఎన్, డీ, ఆర్ అని ఆరు అక్షరాలు ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ఈ ఎక్స్‌ర్యాండర్ మీ తెరలనూ, అవి చూపగల సంఖ్యలనూ వరసగా పెడుతుంది. నక్షత్రం గుర్తున్నది ఇప్పుడు నడుస్తున్న సంఖ్య. ప్లస్ గుర్తున్నది తెర కోరుకుంటున్న సంఖ్య. రెండూ ఒకే వరుసలో ఉండాలి.

సంఖ్యల కన్నా ముందు పేరు చూడండి. 'కనెక్టెడ్' అన్న మాటకు ముందు ఏముంది?

'ఈడీపీ' అనో, పాత వాటిలో 'ఎల్‌వీడీఎస్' అనో ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ తెరను గుర్తుపట్టినట్టే. అదే వరుస చివర తెర కొలతలు మిల్లీమీటర్లలో ఉంటాయి. 15.6 అంగుళాల తెరకు 344, 193 దరిదాపుల్లో. ఇంత బాగా తెలిసినప్పుడు సరైన సంఖ్య కూడా లిస్టులో ఉండే అవకాశమే ఎక్కువ. ఎవరో మార్చి వదిలేసి ఉంటారు. ఎక్స్‌ర్యాండర్, హైఫన్ హైఫన్ అవుట్‌పుట్, తెర పేరు (పెద్ద, చిన్న అక్షరాలు అక్కడ కనిపించినట్టే), హైఫన్ హైఫన్ ఆటో అని ఒకే వరుసలో, కామా ఉన్నచోటల్లా ఒక ఖాళీ వదులుతూ కొట్టండి. తెర తన ఇష్టమైన సంఖ్యకు తిరిగొస్తుంది.

పేరు స్థానంలో 'డిఫాల్ట్' అనో, 'అన్‌నోన్' అనో, 'నన్' అనో ఉందా? డ్రైవర్ పని చేయడం లేదు. కంప్యూటర్ ఆన్ అయినప్పుడు దొరికిన ఏదో ఒక సంఖ్యతో నెట్టుకొస్తోంది. 5, 6 సూచనలు మీ కోసమే.

'ఎక్స్‌వేలాండ్' అని ఉందా? మీ లినక్స్ కొత్త పద్ధతిలో నడుస్తోంది. అక్కడ ఎక్స్‌ర్యాండర్ చూపిస్తుందే గానీ మార్చలేదు. ఎన్ని కమాండ్లు కొట్టినా వృథా. సెట్టింగ్స్‌లోనే మార్చాలి. పాత ఉబుంటుల్లో లాగిన్ దగ్గర పళ్లచక్రం గుర్తు నొక్కి 'ఎక్స్‌ఆర్గ్' ఎంచుకోవచ్చు. 25.10 నుంచి ఉబుంటు ఆ దారి తీసేసింది. మింట్ సినమన్ మాత్రం మామూలుగా పాత పద్ధతిలోనే నడుస్తుంది.

5. నోమోడ్‌సెట్ అనే పాత కట్టు

చేతిలో పడిన పాత ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి చూపు పోగొట్టుకుందంటే నేను మొదట అనుమానించేది దీన్నే. లినక్స్ వేసేటప్పుడు తెర నల్లబడితే, వేసేవాళ్లు 'నోమోడ్‌సెట్' అనే మాట జోడిస్తారు. మింట్ పెన్‌డ్రైవ్‌లో కనిపించే కంపాటిబిలిటీ మోడ్ చేసేదీ ఇదే. "గ్రాఫిక్స్ డ్రైవర్ జోలికి పోకు, ఉన్నదాంతో బండి నడిపించు" అని దానర్థం. ఆ పూటకు అది సరైన పనే. పని అయిపోయాక తీయడం మర్చిపోతే తెర జన్మంతా 1024 దగ్గరే ఉండిపోతుంది.

ఉందో లేదో చూడాలంటే టెర్మినల్లో క్యాట్, ఒక ఖాళీ, స్లాష్, పీఆర్‌ఓసీ, స్లాష్, సీఎండీలైన్. వచ్చిన వరుసలో నోమోడ్‌సెట్ కనిపిస్తే దొంగ దొరికినట్టే.

వెంటనే ఫైళ్లు మార్చకండి. ముందు ఒక్కసారికి తీసి చూడండి. రీస్టార్ట్ చేసి, కంపెనీ గుర్తు కనిపించగానే ఎస్కేప్ కీ తడుతూ ఉండండి. మరీ పాత ల్యాప్‌టాప్ అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. గ్రబ్ అనే నల్లటి మెనూ వస్తుంది. మొదటి వరుస మీద ఉండి ఇంగ్లిషు 'ఈ' (e) అక్షరం నొక్కండి. 'లినక్స్' అని మొదలయ్యే పొడవాటి వరుస వెతికి, అందులో నోమోడ్‌సెట్ అన్న మాట ఒక్కటే చెరిపి, ఎఫ్10 నొక్కండి.

ఇప్పుడు రెండింట్లో ఒకటి జరుగుతుంది. తెర నిండుగా, పదునుగా వస్తుంది. లేదా నల్లగా ఉండిపోతుంది. నల్లబడితే కంగారు పడొద్దు. ఈ మార్పు ఈ ఒక్కసారికే. పవర్ బటన్‌తో ఆపి మళ్లీ వేస్తే అంతా ఎప్పటిలాగే ఉంటుంది. భయం లేకుండా ప్రయోగం చేసుకునే ఇలాంటి వీలు లినక్స్‌లో చాలాచోట్ల ఉంది, వాడుకోవాలి.

బాగా వచ్చిందా? అప్పుడు శాశ్వతం చేయండి. సుడో, నానో, ఆపైన స్లాష్ ఈటీసీ స్లాష్ డిఫాల్ట్ స్లాష్ గ్రబ్. 'గ్రబ్ సీఎండీలైన్ లినక్స్ డిఫాల్ట్' అని పెద్ద అక్షరాల్లో ఉన్న వరుసలో కొటేషన్ గుర్తుల మధ్య నుంచి ఆ మాట తీసేయండి. కొటేషన్ గుర్తులను మాత్రం తీయకండి. చాలామంది తడబడేది అక్కడే. కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్. చివరగా సుడో, అప్‌డేట్ హైఫన్ గ్రబ్. ఈ ఆఖరి కమాండ్ మర్చిపోతే అంతవరకు చేసిందంతా కాగితం మీద లెక్కే.

6. డ్రైవర్ కావాలంటే సిగ్నల్ చూసుకోండి

ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్‌కు డ్రైవర్ లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోనే ఉంటుంది. దాన్ని విడిగా దించుకోమని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎన్‌విడియా ఉంటేనే డ్రైవర్ మేనేజర్ తెరిచి, సిఫారసు చేసినదాన్ని వేసుకోవాలి. అది వందల ఎంబీల సరుకు. ఇక కొత్త ల్యాప్‌టాప్‌లో పాత లినక్స్ వేస్తే ఉల్టా సమస్య వస్తుంది. గ్రాఫిక్స్ చిప్పు ఆ కెర్నెల్‌కు తెలియదు. మింట్ అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూ కింద లినక్స్ కెర్నెల్స్ అని ఉంటుంది, అక్కడ కొత్తది దొరుకుతుంది. మీరు వేసుకున్నది డెబియన్ 12 కన్నా ముందుదైతే, 2023 జూన్‌లో వచ్చిన ఆ 12వ వెర్షన్‌కో, ఆ తర్వాతదానికో మారడం మేలు. ఏఎండీ చిప్పులకు కావాల్సిన ఫర్మ్‌వేర్ అంతకుముందు అధికారిక ఇన్‌స్టాలర్‌తో పాటు వచ్చేది కాదు.

ఏది దించుకోవాలన్నా ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోండి. సిగ్నల్ ఏ గట్టు మీద నిలకడగా ఉంటుందో మీకు నాకన్నా బాగా తెలుసు. విశాఖ వెళ్లే పని ఉంటే అక్కడే కానిచ్చుకోండి. తిరుగు ప్రయాణంలో కిరండూల్ రైలెక్కి మొదలుపెట్టకండి, దారిలో 50కి పైగా సొరంగాలున్నాయి! వానాకాలం కరెంటును నమ్మి, ఛార్జింగ్ నిలవని బ్యాటరీతో అప్‌డేట్ నడపడమూ అంతే ప్రమాదం. మధ్యలో ఆగిపోయిందా? కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి లాగిన్ అయి, సుడో, డీపీకేజీ, హైఫన్ హైఫన్ కాన్ఫిగర్, హైఫన్ ఏ అని కొట్టండి. మధ్యలో ఆగిన పని చాలాసార్లు దాంతో పూర్తవుతుంది.

7. ప్రొజెక్టర్ పెట్టగానే తెర కుంచించుకుపోతే

ల్యాప్‌టాప్ 1366, ప్రొజెక్టర్ 1024. ఒకే బొమ్మ రెండింట్లో కనిపించాలంటే ఇద్దరికీ తెలిసిన సంఖ్యకు దిగాలి. అందుకే మీ తెర కూడా మసకబారుతుంది. ఇది జబ్బు కాదు. విండోస్ గుర్తు కీ, పీ కలిపి నొక్కి, మిర్రర్ బదులు ఎక్స్‌టెండ్ ఎంచుకోండి. పాఠం ప్రొజెక్టర్ మీద, మీ నోట్సు మీ తెర మీద ఉంటాయి. కేబుల్ పీకేశాక కూడా తెర చిన్నదిగానే ఉంటే 4వ సూచనలోని ఆటో కమాండ్ చాలు.

ప్రొజెక్టర్‌కే సరైన సంఖ్య రావడం లేదా? నీలం తలకాయ ఉన్న వీజీఏ కేబుల్ అయితే ముందు దాని పిన్నులు చూడండి. ప్రతి తెరా, ప్రతి ప్రొజెక్టరూ తాను ఎన్ని చుక్కలు చూపగలదో 128 బైట్ల చీటీగా కంప్యూటర్‌కు పంపుతుంది. ఎడిడ్ అంటారు దాన్ని. వీజీఏలో ఆ చీటీ ప్రయాణించేది 12, 15 నంబరు పిన్నుల మీద. ఆ పిన్నుల్లో ఒకటి వంగినా, చవక కేబుల్‌లో ఆ తీగ లేకపోయినా, మధ్యలో స్ప్లిటర్ మింగేసినా చీటీ అందదు. బొమ్మ వస్తుంది గానీ సంఖ్య తెలియదు. అప్పుడు కంప్యూటర్ జాగ్రత్త కోసం 1024తో సరిపెడుతుంది. ఎక్స్‌ర్యాండర్‌లో ఆ ప్రొజెక్టర్ పక్కన కొలతలు 0, 0 మిల్లీమీటర్లు అని ఉంటే చీటీ అందలేదేమోనని అనుమానించవచ్చు. కేబుల్ మార్చి చూడండి. కమాండ్ల కన్నా చవక.

8. ఆఖరి అస్త్రం: సంఖ్యను మనమే చెప్పడం

కేబుల్ మార్చినా కుదరలేదు, ప్రొజెక్టర్ 1280, 800 అని పెట్టె మీద రాసి ఉంది. అప్పుడు మాత్రమే ఇది. మొదట సీవీటీ 1280 800 60 అని కొట్టండి. 'మోడ్‌లైన్' అని మొదలయ్యే వరుస ఒకటి వస్తుంది. ఆ మాట తర్వాత ఉన్నదంతా కాపీ చేయండి. ఎక్స్‌ర్యాండర్, హైఫన్ హైఫన్ న్యూమోడ్ అని కొట్టి దాని పక్కన అతికించండి. రెండోది ఎక్స్‌ర్యాండర్, హైఫన్ హైఫన్ యాడ్‌మోడ్, ప్రొజెక్టర్ పేరు, కొత్త మోడ్ పేరు. మూడోది ఎక్స్‌ర్యాండర్, హైఫన్ హైఫన్ అవుట్‌పుట్, ప్రొజెక్టర్ పేరు, హైఫన్ హైఫన్ మోడ్, మోడ్ పేరు.

1366 అడిగితే సీవీటీ 1368 ఇస్తుంది, తప్పు కొట్టామేమో అనుకోకండి. అడ్డం సంఖ్యను అది ఎనిమిదితో భాగించబడేలానే ఇస్తుంది. అలాగే రీస్టార్ట్ చేస్తే ఇదంతా పోతుంది, అది మంచిదే. నాలుగు రోజులు వాడి చూసి, ఇబ్బంది లేదనుకున్నాకే స్టార్టప్ అప్లికేషన్స్‌లో పెట్టుకోండి. ముందే పెట్టేస్తే నల్ల తెర కూడా ప్రతిరోజూ తనంతట తానే ప్రారంభమవుతుంది.

డ్రైవరే లేనిచోట ఈ మూడు కమాండ్లు పనిచేయవు. దీన్నే మొదట ప్రయత్నించి "లినక్స్ ఇంతే" అని విసుక్కునేవాళ్లు చాలామంది. అందుకే ఇంత వెనక్కి నెట్టాను.

9. సంఖ్య వచ్చింది, అక్షరాలు చీమల్లా ఉన్నాయి

1920 తెర 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో వస్తే ఇలాగే ఉంటుంది. దీనికి భయపడి మళ్లీ 1366కు దిగకండి. చుక్కలన్నీ ఉంచుకొని అక్షరాల సైజు మాత్రం పెంచండి. మింట్‌లో ఫాంట్ సెలెక్షన్ తెరిస్తే టెక్స్ట్ స్కేలింగ్ ఫ్యాక్టర్ ఉంటుంది. 1.0 ఉన్నచోట 1.2 పెట్టి చూడండి. తెలుగు వత్తులు అతుక్కుపోతుంటే ఫాంట్ మార్చండి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో 'తెలు ఎక్స్‌ట్రా' అనే ప్యాకేజీలో పోతన 2000, వేమన 2000 ఉంటాయి. నోటో సాన్స్ తెలుగు కూడా చిన్న సైజులో తేటగా ఉంటుంది.

తెర నిజంగానే చిన్నది, కాఫీ తూకాల లెక్క మొత్తం ఒకే చూపులో కనిపించాలి అంటారా? ఎక్స్‌ర్యాండర్‌లో హైఫన్ హైఫన్ స్కేల్ 1.25ఎక్స్1.25 అనేది బొమ్మను కుదించి ఎక్కువ గళ్లు చూపిస్తుంది. అక్షరాలు మెత్తబడతాయి. పది నిమిషాల పనికి పర్వాలేదు, రోజంతా అయితే కళ్లు ఒప్పుకోవు.

10. అయినా కుదరకపోతే, అడిగే పద్ధతి ఉంది

"నా స్క్రీన్ పని చేయట్లేదు" అని ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఏం చెప్పగలరు? ముందు ఈ మూడూ దగ్గర పెట్టుకోండి. అడుగు స్టిక్కర్ మీది మోడల్ నంబరు. ఎక్స్‌ర్యాండర్ చూపించినదంతా. ఐఎన్‌ఎక్స్‌ఐ, ఒక ఖాళీ, హైఫన్, పెద్ద జీ అని కొడితే వచ్చే గ్రాఫిక్స్ వివరాలు. టెర్మినల్‌ను ఫోన్‌తో ఫోటో తీయండి, చేత్తో రాస్తే సున్నాకూ ఓకూ తేడా పోతుంది. సిగ్నల్ ఉన్నచోటికి వెళ్లినప్పుడు ఫోటోలు పంపండి. కాలేజీలో కంప్యూటర్ పాఠం చెప్పేవాళ్లకైనా సరే, హైదరాబాద్ కేంద్రంగా తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్న 'స్వేచ్ఛ' వంటి బృందాలకైనా సరే, ఈ మూడు ఉంటే తెర పేరు చూసి అసలు చిక్కు డ్రైవర్‌దా, కేబుల్‌దా అన్నది చెప్పగలుగుతారు. విశాఖ వెళ్లాల్సిందే అని తేలితే కూడా ఆ ఫోటోలు వెంట ఉంచుకోండి. షాపులో తెర విప్పకముందే వాటిని చూపించి, మీ మోడల్‌కు సరిపడే తెర ధర అడగండి.